గట్టు కరిగిన దవడకు పళ్లెలా?

అందరికీ నమస్కారం. సాయంత్రం పూట బీచ్ గాలి వదులుకుని, ద్వారకానగర్ లైబ్రరీలో పళ్ల డాక్టరు మాటలు వినడానికి వచ్చారంటే మీలో కొందరికి కట్టుడు పళ్ల సెట్టు వదులైనట్టే. నవ్వకండి, జారుతుంది.

జాలరిపేట మామ్మ ఒకావిడ మా దగ్గరికి వచ్చారు. పళ్లన్నీ పోయి పదిహేనేళ్లు. సెట్టు మూడుసార్లు మార్పించారు. "నోట్లో ఉండనంటంది బాబూ, వంజరం ముక్క కూడా నమల్లేకపోతన్నాను" అన్నారు. తప్పు సెట్టుది కాదు. అది కూర్చోవాల్సిన ఎముక గట్టే కరిగిపోయింది.

ఆ గట్టు ఉన్నదే పంటి కోసం. పన్ను పీకేస్తే దానికి పనిలేదు. మొదటి ఏడాదిలోనే వెడల్పు సగం దాకా పోతుంది, అందులో ఎక్కువ భాగం తొలి 3 నెలల్లోనే. తర్వాత కూడా అరుగుదల ఆగదు.

మామూలు ఇంప్లాంటంటే పన్ను నిలబెట్టడానికి ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు 1965లో తొలి రోగికి పెట్టారు. సుమారు 10 మిల్లీమీటర్ల ఎత్తు ఎముక ఉంటే మేం ధీమాగా బిగిస్తాం. మామ్మకు పై దవడ వెనకవైపు స్కాన్‌లో కనిపించింది 2 మిల్లీమీటర్లే. ఆపైన సైనస్ అనే గాలి గది. తుంటి ఎముక తెచ్చి అతికించి నెలల తరబడి ఆగొచ్చు, చెంప ఎముకలోకి పొడవాటి స్క్రూలు దింపొచ్చు. మూడో దారి ఆమె దవడకే కొలిచి చేసే ఇంప్లాంటు.

ఇది ఎముకలోకి దిగదు. ఆర్కే బీచ్ గుర్రాల మీద జీను చూశారుగా, అలా చిగురు కింద ఎముక మీద కూర్చుంటుంది. ఆలోచన పాతదే, 1940ల్లో స్వీడన్ పళ్ల డాక్టరు గుస్తావ్ డాల్‌ది. అప్పట్లో చిగురు కోసి ఎముకకే అచ్చు తీసి, లోహం పోతపోసి, మళ్లీ కోసి పెట్టేవారు. అచ్చు కాస్త తేడా వచ్చినా కదలడం, చీము పట్టడం. అందుకే చాలాకాలం మూలపడింది. ఇప్పుడు సీటీ స్కాన్ నుంచి కంప్యూటర్లో దవడ గీసి, టైటానియం పొడిని లేజరుతో పొరపొరగా కరిగించి అచ్చంగా ఆ ఎముక ఒంపుకే తయారుచేస్తారు. ముక్కు పక్కన, చెంప మొదట్లో, గట్టి ఎముక దొరికినచోట చిన్న స్క్రూలు. కోత ఒక్కసారే.

అలాగని అందరూ దీని వెంట పడకండి. కింది దవడకైతే చాలామందికి రెండు మామూలు ఇంప్లాంట్లు, వాటిమీద బొత్తాంలా బిగిసే సెట్టు సరిపోతాయి, ఖర్చూ తక్కువ. పైగా కొత్త పద్ధతికి ఇరవై ఏళ్ల అనుభవం ఇంకా లేదు. చిగురు జరిగి లోహం బయటపడొచ్చు. షుగరు అదుపులో లేకపోయినా, ఎముక గట్టిపడే ఇంజెక్షన్లు వాడుతున్నా ముందే చెప్పాలి.

పొగ సంగతి వేరే చెప్పాలి. మామ్మది అడ్డపొగ. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని కాలుస్తారు, మన ఉత్తరాంధ్ర తీరంలో ఇది పాత అలవాటే. అంగిలికి కేన్సర్ తెచ్చే అలవాటు కూడా. అందుకే ఎముక కన్నా ముందు అంగిలి చూశాను. పుండు లేదు. చుట్ట మానితేనే ఆపరేషన్ అన్నాను. "పళ్లు లేకుండా పదిహేనేళ్లున్నాను బాబూ, చుట్ట లేకుండా ఒక్క పూటా లేను" అన్నారు. మనవడి ఫోన్ నంబరు రాయించి వెళ్లారు. తేదీ ఇంకా పెట్టలేదు.

ఇక మీ ప్రశ్నలు. సెట్టు జేబులో పెట్టుకొచ్చినవాళ్లు ముందు అడగండి.