మొలక కసువుకి నీళ్ళు పెట్టే సెట్టు మనమే చేసుకుందాం

స్టేజి మీదున్న పెద్దలకి, పశువుల డాక్టరు మేడమ్ గారికి, పాలకేంద్రం అధ్యక్షులకి, కింద కూర్చున్న అన్నలకి అక్కలకి నమస్కారం. పేర్లన్నీ చదవమని నాకొక చీటీ ఇచ్చినారు, అది చదువుతా పోతే నాకిచ్చిన పది నిమిషాలు దానికే సరిపోతాయి, పెద్దలు ఏమనుకోవద్దు. నేను డాక్టరునీ కాదు సైంటిస్టునీ కాదు, మోటార్లు వైండింగ్ చేసుకునేవాణ్ణి, ఇంట్లో రెండు ఎనుములు, నాలుగు గొర్రెలు ఉన్నాయి. హైడ్రోపోనిక్ అంటే ఏమి, ఇంట్లో ఎట్లా పెట్టుకోవాల అని చెప్పమన్నారు. మట్టి లేకుండా ట్రేలో గింజ మొలకేసి ఒట్టి నీళ్ళతోనే పెంచే పచ్చ గడ్డి అది, మనం మొలక కసువు అనేది దాన్నే. ఎట్లా పెట్టుకోవాలో చెప్తా, కానీ దానికి ముందు ఒక మాట చెప్పుకోకపోతే నాకు మనసు ఆగదు.

మన అనంతపురానికి ఏడాదంతా కలిపితే 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. శెనక్కాయ ఎండిపోతే మనకి కాయ పోయిందనే అందరూ రాస్తారు, కట్టె, అంటే కాయ తెంపినాక మిగిలే ఎండు చెట్టు, పోయిందని ఎవరూ రాయరు, పశువు బతికేది ఆ కట్టె మీదే కదప్పా. 2002 కరువు చూసినోళ్ళు ఇక్కడ సగం మంది ఉంటారు. మా నాయన జత ఎద్దుల్ని సంతకి తోలుకొనిపోయి వాళ్ళడిగిన ధరకే ఇచ్చి వచ్చినాడు, ఇంటికొచ్చి ఖాళీ వామిదొడ్డిలో కూర్చున్నాడు, ఆ పూట అన్నం కూడా తినలేదు. అది చూసినోడికి ఎవరైనా వచ్చి వారం రోజుల్లో పచ్చ కసువు, భూమి వద్దు బోరు వద్దు అంటే జేబులో చెయ్యి దానంతట అదే పోతుంది. అమ్మేటోళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు.

మా బామ్మర్దికి అట్లనే అమ్మినారు. కంపెనీ పేరు చెప్పను, ఇక్కడ అది ముఖ్యం కాదు. పెద్ద బీరువా మాదిరి డబ్బా, లోపల ఏసీ, లైట్లు, ట్రేలు, అప్పు తెచ్చి కొన్నాడు. కేజీ మొక్కజొన్నకి పది కేజీల కసువు అని చెప్పినారు. మొదటి నెల బాగానే వచ్చింది, పది కాదు ఆరు కేజీలు వచ్చింది. ఏప్రిల్లో కంప్రెసర్ పోయింది, డబ్బా మూసి ఉంటుంది కదా, లోపల ఉడికిపోయి ట్రేలన్నీ బూజు. ఫోన్ చేస్తే అవతల పిల్లోడు ఏమన్నాడో తెలుసా, పైన బూజు కడిగేసి పెట్టండి సార్ ఏమీ కాదు అన్నాడు. వీడు పెట్టినాడు. ఎనుము మూడు దినాలు పారుకునింది, పాలు సగానికి పడిపోయినాయి. మేడమ్ గారు ఇక్కడే ఉన్నారు, అడగండి, బూజు విషం పాలల్లోకి కూడా వస్తుంది, ఆ పాలు మన పిల్లోళ్ళే తాగేది. ఆ డబ్బాలో ఇప్పుడు వాడు దాణా మూటలు పెట్టుకుంటున్నాడు, అప్పు మాత్రం ఇంకా కడుతున్నాడు.

వెనకాల నవ్వుతున్నారు, నవ్వండి, కానీ లెక్క వినండి. కేజీ బియ్యం వండితే మూడు కేజీల అన్నం అయితాది, మనం మూడు కేజీల బియ్యం తిన్నామని ఎవరైనా అంటారా? ఇదీ అంతే. కేజీ మొక్కజొన్నలో తేమ తీసేస్తే 880 గ్రాముల సరుకు ఉంటుంది. ఎనిమిది దినాలు మొలకేసి ఆరు కేజీలు చేస్తే అందులో నూటికి 13 పాళ్ళే సరుకు, మిగతాదంతా నీళ్ళు, అంటే 780 గ్రాములు. గింజ మొలకెత్తేదానికి తన సత్తువ తానే కొంచెం తినేస్తాది, అందుకే పెరగడం పోయి తగ్గింది! మరి పాలిచ్చే ఎనుముకి రోజుకి ఎండు లెక్కన పన్నెండు కేజీల దాకా కావాల. అదంతా ఈ మొలక కసువుతోనే పెట్టాలంటే తొంభై కేజీలు పెట్టాల, ఇల్లమ్ముకోవాల్సిందే. కేజీ గింజ 25 రూపాయలు అనుకోండి, కసువు కేజీకి గింజ ఖర్చే నాలుగు రూపాయలు దాటుతుంది. ఒక పాతిక సెంట్లకి నీళ్ళున్నోడు సూపర్ నేపియర్ గడ్డి వేసుకోండప్పా, ఇది మీకొద్దు.

మరి ఎవరికి కావాల అంటే, నాలాంటోళ్ళకి. భూమి లేదు, ఎండాకాలం నాలుగు నెలలు ఒట్టి కట్టె, ఒట్టి వరిగడ్డి తప్ప పచ్చ అనేది పశువు నోటికి తగలదు. అప్పుడు రోజుకి ఎనుముకి ఐదారు కేజీలు మొలక కసువు ఎండు మేతలో కలిపితే, మిగతా మేత కూడా విసుక్కోకుండా తింటుంది, పచ్చలో ఉండే విటమిన్లు దొరుకుతాయి. అంతవరకే. అంతకి మించి చెప్పినోడు మీకేదో అమ్మేదానికి వచ్చినాడు.

ఇప్పుడు సెట్టు. రెండు పశువులకి రోజుకి పది కేజీలు చాలు. రెండడుగులకి అడుగున్నర ప్లాస్టిక్ ట్రే, ఒకటింబావు నుంచి ఒకటిముక్కాలు కేజీ గింజ పడుతుంది, అర అంగుళం మందం మించొద్దు. ఎనిమిది దినాలకి ఎనిమిది ట్రేలు, రోజుకొకటి కోసుకుంటా రోజుకొకటి వేసుకుంటా ఉంటారు. బొంగులతో నాలుగు అరల స్టాండు, అరకి రెండు ట్రేలు. ట్రే ఒక కొసన రెండు మూడు మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, రెండో కొస కింద ఇటుక పెళ్ళ పెట్టి కొంచెం ఎత్తండి, నీళ్ళు నిలవకూడదు. చుట్టూ గ్రీన్ నెట్, ఎండాకాలం దాని మీద తడి గోనెపట్టాలు.

నీళ్ళదే అసలు పని. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ ఉంటుంది కదా, దాని పంపు పాత సామాన్లలో కూడా దొరుకుతుంది, 12 వోల్టులది. నీళ్ళని మంచు మాదిరి చల్లే మూతుల్ని ఫాగర్లు అంటారు, ట్రేకి రెండు, అంటే పదహారు, అన్నీ కలిపి నిమిషానికి రెండు లీటర్లు తాగుతాయి. పగలు రెండు గంటలకి ఒకసారి, రాత్రి రెండు సార్లు, తడవకి ఒక నిమిషం చాలు. రోజంతా కలిపి బిందె, బిందెన్నర నీళ్ళు, అంతే, కసువుకి. బోరు వేసినోళ్ళు ఒకసారి ఆలోచించండి.

టైమర్ దగ్గర అందరూ దెబ్బ తింటారు, కాబట్టి బాగా వినండి, ఆ మూలన ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. చుట్టూ పళ్ళుండే గుండ్రటి టైమర్ కొనొద్దు, దాంట్లో ఒక్కో పల్లు పావుగంట, పావుగంట పోస్తే మొలకలు మునిగి చస్తాయి. డిజిటల్ది కొనండి, అదీ 12 వోల్టులదే. ఇంటి కరెంటు టైమర్ కొంటే కరెంటు పోయినప్పుడు దాని గడియారం తిరుగుతానే ఉంటుంది కానీ పంపుకి మాత్రం కరెంటు అందదు, మీరేమో నడుస్తుందిలే అనుకుంటారు. 12 వోల్టులదైతే బ్యాటరీ మీదే అన్నీ నడుస్తాయి, రోజుకి పంపు తిరిగేది తొమ్మిది పది నిమిషాలే కాబట్టి స్ప్రేయర్ బ్యాటరీ మంచిదైతే వారం కరెంటు లేకపోయినా ఆగదు.

ఇంకోటి, ఫాగర్ కొనేటప్పుడు యాంటీ లీక్ ఉండేది అడగండి. పది రూపాయలు మిగులుతాయని ఉత్త ఫాగర్ తెస్తే, పంపు ఆగినాక పైపుల్లో మిగిలిన నీళ్ళన్నీ కింది అరలోకే కారతాయి. కింది ట్రేలు ఎప్పుడూ ముందు కుళ్ళేది దానికే, జనం గింజ మంచిది కాదని షాపోణ్ణి తిడతారు. మన ఊరి నీళ్ళు ఉప్పు నీళ్ళు, పది పదిహేను దినాలకి ఫాగర్ మూతి చుట్టూ తెల్లగా సున్నం పేరుకుంటుంది. పిన్నీసుతో పొడవొద్దు, బెజ్జం పెద్దదై మంచు మాదిరి పడాల్సింది చుక్కలు చుక్కలుగా పడుతుంది. విప్పి రాత్రంతా వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో వేసి పెట్టండి, పొద్దున ఊదితే పోతుంది. పంపుకి ముందర ఫిల్టర్ తప్పనిసరి. కారిన నీళ్ళు మళ్ళీ ట్యాంకులో పోయొద్దు, బూజు తిరిగొస్తుంది, కరివేపాకు చెట్టుకి పోయండి.

టైమ్ అయిపోయిందని అధ్యక్షులు చెయ్యి ఊపుతున్నారు, సార్ రెండు నిమిషాలు, మధ్యలో బామ్మర్ది కథ వచ్చి నా లెక్కంతా తప్పింది.

మూడో నాలుగో దినం వేర్ల దగ్గర తెల్లగా నూగు కనపడుతుంది, చాలా మంది భయపడి పారేస్తారు. నీళ్ళు చల్లితే అణిగిపోతే అది వేర్ల నూగు, మంచిదే. అణగకుండా బూడిద రంగో నలుపో తిరిగి, ట్రే ఎత్తి అడుగున వాసన చూస్తే పుల్లగా కొడితే అది బూజు, ఆ ట్రే మొత్తం పెంటదిబ్బకే, కడిగి పెట్టేది లేదు.

గింజ పన్నెండు గంటలు నానబెట్టి, తడి గోనెసంచిలో ఒక దినం కట్టిపెట్టి, మొలక తెల్లగా కనపడినాక ట్రేలో పరచండి. ఉలవలు, అలసందలు కూడా కొంచెం కలపొచ్చు. అసలు మాట మర్చిపోతున్నా, అక్కా మీరు లేవొద్దు, ఇది వినిపోండి. విత్తనాల షాపులో గులాబీ రంగు పూసిన మొక్కజొన్న మిగిలిందని చవగ్గా ఇస్తారు, ఎంత కడిగినా సరే అది తేవొద్దు. అది తైరం లాంటి మందు పూసిన గింజ, పశువుకి విషం. దాణా కోసం అమ్మే మామూలు గింజే తెచ్చుకోండి, ముందు ఒక పిడికెడు నానబెట్టి నూటికి ఎనభై అయినా మొలకెత్తుతుందో లేదో చూసుకొని అప్పుడు మూట కొనండి. సెట్టు కావాలన్నోళ్ళు ఆదివారం మా షెడ్డుకి రండి, వైరింగ్ నేను చేసిస్తా, పంపు బ్యాటరీ మీరు తెచ్చుకోవాల.