ముందు నీళ్లు, తర్వాత ఫిల్టర్

శ్రోతలకు నమస్కారం.

హన్మకొండ, కాజీపేట కాలనీల్లో కొత్తగా కట్టిన ఇళ్ల డాబాలు చూస్తే, నీళ్ల ట్యాంకు పక్కన ఒక నీలిరంగు సిలిండర్ కనిపిస్తున్నది. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు, ఇంట్లో వాడే నీళ్లన్నింటినీ ఒక్కచోటే శుభ్రం చేసి పంపే ఫిల్టర్ అది. మంచి వస్తువే. బోరు నీళ్లతో సంసారం చేసేవాళ్ల కష్టం నాకు తెలుసు, వద్దని చెప్పను. పెట్టించుకునే ముందు మాత్రం ఒక మాట వినండి. ముందు నీళ్లు, తర్వాత ఫిల్టర్. మన నీళ్లలో ఏమున్నదో తెలిసినంకనే ఏ ఫిల్టర్ కావాలో, అది ఎక్కడ ఉండాలో తేలుతుంది.

మన వరంగల్ నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు రాయి. వాన నీరు మట్టిలోంచి, ఆ రాతి నెర్రెల్లోంచి దిగుతూ కాల్షియం, మెగ్నీషియం లవణాలను కలుపుకుంటుంది. కొన్నిచోట్ల ఫ్లోరైడ్‌ను కూడా. అందుకే బోరు నీళ్లల్లో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజర్ రాడ్డుకు సున్నం పేరుకుంటుంది. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నీళ్లను శుద్ధి చేసి పంపే నల్లాకు ఈ బాధ అంతగా లేదు. బోరు సంగతి వేరు. ఒకే గల్లీలో రెండు బోర్లు వేస్తే రెండు రకాల నీళ్లు పడతాయి. పక్కింటివాళ్లు ఏ ఫిల్టర్ కొన్నారో అదే కొనడం అందుకే పనికిరాదు.

మా అక్క వాళ్లింటి సంగతి చెప్తాను. హన్మకొండలో ఇల్లు, కింద వాళ్లుంటారు, పైన కిరాయికిచ్చారు. బోరు ఉన్నది, నల్లా ఉన్నది. పోయిన ఎండాకాలంలో ఫిల్టర్లు అమ్మే అబ్బాయి ఒకతను వచ్చాడు. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. వరండాలో టీపాయ్ మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో అక్కవాళ్ల బోరు నీళ్లు పోశాడు, ఇంకోదాంట్లో తను తెచ్చిన సీసాలోని శుద్ధి నీళ్లు. చూడ్డానికి రెండూ తేటగానే ఉన్నాయి. సంచిలోంచి కడ్డీలున్న ఒక చిన్న పరికరం తీసి, కడ్డీలు రెండు గ్లాసుల్లోనూ మునిగేటట్టు పెట్టి, ప్లగ్గు గుచ్చి స్విచ్చి వేశాడు. కాసేపటికే బోరు నీళ్ల గ్లాసులో పచ్చగా, గోధుమరంగుగా తెట్టు కట్టింది. చూస్తుండగానే మురికి కాలువ నీళ్లలా తయారైంది. రెండో గ్లాసు తేటగానే ఉన్నది.

అక్క మొహం చూడలేకపోయాను. "తమ్మీ, ఇన్నేండ్ల సంది పిల్లలకు ఇవే పోస్తున్ననా?" అన్నది. ఆ అబ్బాయి అప్పటికే రసీదు పుస్తకం తీశాడు.

నేను ఒక్కటే అడిగాను. "బాబూ, నీ సీసా నీళ్లు ఇంకో గ్లాసులో పోయి. అక్కా, వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తే." ఆ శుద్ధి నీళ్లల్లో ఉప్పు వేసి కలిపి, అవే కడ్డీలు పెట్టించాను. స్విచ్చి వేస్తే ఏమైంది? అదే గోధుమరంగు, అదే తెట్టు. మనం రోజూ కూరలో వేసుకునే ఉప్పే కదా వేసింది. మరి ఆ మురికి ఎక్కడిది?

ఆ మురికి కడ్డీది. అవి ఇనుప కడ్డీలు. లవణాలున్న నీళ్లలోంచి కరెంటు పోతుంది, పోతూ ఇనుమును కరిగిస్తుంది. ఆ కరిగిన ఇనుమే తుప్పుగా తేలుతుంది. శుద్ధి నీళ్లల్లో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు దాదాపు పోదు, తుప్పూ రాదు. ఆ పరీక్ష చెప్పేదల్లా నీళ్లల్లో లవణాలున్నాయని మాత్రమే. ఆ లవణం మంచిదా చెడ్డదా, ఫ్లోరైడ్ ఉన్నదా, క్రిములున్నాయా, ఏదీ చెప్పదు. పెన్నులాంటి టీడీఎస్ మీటర్ కూడా అంతే. కరిగినవన్నీ కలిపి ఒక్క అంకె చూపిస్తుంది, ఏవి కరిగాయో చెప్పదు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. పొట్టకూటి కోసం ఎండలో తిరుగుతున్న పిల్లవాడు, తనకు నేర్పింది తను చేశాడు. చల్లటి మజ్జిగ ఇచ్చి పంపించింది అక్క. కానీ తల్లులను పిల్లల పేరు చెప్పి భయపెట్టి అమ్మే ఈ పద్ధతి పోవాలని మనసారా కోరుకుంటున్నాను.

ముందు నీళ్లు, తర్వాత ఫిల్టర్. మర్నాడు బోరు పది నిమిషాలు నడిపించి, శుభ్రమైన సీసాను అవే నీళ్లతో రెండుమూడు సార్లు తొలిచి, నిండుగా పట్టి ల్యాబుకు ఇచ్చాము. జిల్లా కేంద్రాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులున్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి. క్రిముల పరీక్ష కూడా కావాలంటే సీసా వాళ్ల దగ్గరే తీసుకోవాలి. రిపోర్టులో అన్నీ చూడలేకపోయినా నాలుగు చూడండి. కఠినత్వం (అంటే ఇందాక చెప్పిన కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయన్నది), ఫ్లోరైడ్, ఇనుము, టీడీఎస్. తాగేనీటికి మన భారత ప్రమాణం ప్రకారం లీటరుకు కఠినత్వం 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5 దాకా. టీడీఎస్ 500 లోపు.

అక్కవాళ్ల నీళ్లల్లో కఠినత్వం బాగా ఎక్కువ. ఫ్లోరైడ్ ఒకటి దాటింది. ఇనుము లేదు. ఈ మూడు మాటలతో సగం నిర్ణయం అయిపోయింది. ఇనుము లేదు కాబట్టి దాని ఫిల్టర్ ఖర్చు తప్పింది. మట్టి, సన్న ఇసుక ఆపడానికి ఇసుక ఫిల్టర్, కఠినత్వానికి సాఫ్ట్‌నర్ సరిపోతాయి. మరి ఫ్లోరైడ్? ఇది జాగ్రత్తగా వినండి. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తీయదు. ఇసుక ఫిల్టరూ తీయదు. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. స్నానానికి, బట్టలకు ఫ్లోరైడ్‌తో భయం లేదు. తాగే నీళ్లు, వండే నీళ్లు వేరుగా ఉండాలి, అంతే. అక్కవాళ్లు నల్లా నీళ్లకు డాబా మీద చిన్న ట్యాంకు వేరే పెట్టి, దాని పైపు ఒక్క వంటింటికే దింపుకున్నారు. నల్లా లేని ఊళ్లో అయితే వంటింటి వరకు ఆర్వో పెట్టుకోవచ్చు. ఇల్లంతటి ఫిల్టర్ వేసుకున్నాం కదా అని ఏ కుళాయి కిందనైనా గ్లాసు పెట్టి తాగొద్దు.

సాఫ్ట్‌నర్ చేసే పని సంతలో వస్తుమార్పిడి లాంటిది. అందులోని రెజిన్ గింజలు నీళ్లల్లోని కాల్షియం, మెగ్నీషియం తీసుకుని, బదులుగా సోడియం ఇస్తాయి. అందుకే సాఫ్ట్‌నర్ తర్వాత టీడీఎస్ మీటర్ పెడితే అంకె తగ్గదు, మోసపోయామని కంగారుపడొద్దు. సోడియం పెరుగుతుంది కాబట్టి బీపీ ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగకపోవడం మంచిది.

గింజల దగ్గర సోడియం అయిపోతే ఉప్పు నీళ్లు పోసి మళ్లీ నింపాలి. ఎన్నాళ్లకోసారి? దుకాణంవాళ్లు చాలామంది చెప్పని లెక్క ఇదే. లీటరు రెజిన్ సుమారు 50 గ్రాముల కఠినత్వాన్ని పట్టుకుంటుంది. 25 లీటర్ల రెజిన్ ఉంటే 1250 గ్రాములు. మీ నీళ్ల కఠినత్వం 500 అనుకోండి, అంటే లీటరుకు అర గ్రాము. అప్పుడు 2500 లీటర్ల దాకా పనిచేస్తుంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ప్రభుత్వ లెక్క. అయిదుగురున్న ఇంటికి 675. నాలుగు రోజులు తిరగక ముందే ఉప్పు పోయాలి. పోసిన ప్రతిసారీ దాదాపు నాలుగు కిలోలు. ఈ చాకిరీ చేయగలమా, ఉప్పు బస్తా ఎవరు మోస్తారు అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, అప్పుడు సైజు నిర్ణయించుకోండి.

ఇక ఎక్కడ పెట్టాలి? ఫోన్లలో చూసే విదేశీ వీడియోల్లో వీధి పైపు ఇంట్లోకి వచ్చే చోటే ఫిల్టర్ బిగిస్తారు. అక్కడ వీధి పైపులోనే గట్టి ఒత్తిడి ఉంటుంది, నీళ్లు నేరుగా కుళాయికి పోతాయి. మనకు డాబా మీద ట్యాంకు, అక్కడినుంచి కిందికి ధార. 10 మీటర్ల ఎత్తున్న నీటికి ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ట్యాంకు అడుగు నుంచి పై అంతస్తు షవరుకు మహా అయితే రెండు మీటర్లు, అంటే 0.2 బార్. దాని మధ్యలో ఫిల్టర్ పెడితే ఉన్న ఆ కాస్త ఒత్తిడినీ ఫిల్టరే తింటుంది. దుకాణంవాళ్లు పంపిన మనిషి అక్కవాళ్లింట్లో ట్యాంకు కిందనే బిగించబోయాడు. వాళ్లకు ఎప్పుడూ పనిచేసే ప్లంబర్ పెద్దమనిషి అడ్డుపడ్డాడు. "గట్ల పెడితె పైనోళ్లకు సన్నధార గూడ రాదమ్మా. కింద బోరు పైపుల పెట్టిపియ్యుండ్రి, మోటరే తోస్తది" అన్నాడు. ఆయన చెప్పిందే సరైంది. బోరుకు, ట్యాంకుకు నడుమ, నేల మీద, నీడలో, చదునైన సిమెంటు దిమ్మె మీద పెట్టించారు.

అలా పెట్టేటప్పుడు మీ మోటరు ఎంత వేగంగా పోస్తుందో దుకాణంలో చెప్పాలి. ఫిల్టర్ పెట్టే చోట పైపు విప్పి 200 లీటర్ల డ్రమ్ము పట్టండి. ఆరు నిమిషాల్లో నిండితే గంటకు 2000 లీటర్లు. అంత వేగానికి తగ్గ సిలిండర్ ఇవ్వమని అడగండి. చిన్నది పెడితే నీళ్లు గింజల మీదుగా ఉరికిపోతాయి, కఠినత్వం అలాగే మిగులుతుంది.

మిగిలినవన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి మరవొద్దు. మూడు వాల్వులు. ఫిల్టర్‌లోకి పోయే పైపుకు ఒకటి, బయటికి వచ్చే పైపుకు ఒకటి, ఈ రెండింటినీ ఫిల్టర్‌తో పని లేకుండా కలిపే అడ్డదారికి ఒకటి. రోజూ మొదటి రెండూ తెరిచి, మూడోది మూసి ఉంచాలి. ఫిల్టర్ పాడైన రోజు మోటరు ఆపి, ముందు మూడోది తెరిచి, ఆ తర్వాతే మొదటి రెండూ మూయాలి. మూడూ మూసి మోటరు వేశారంటే నీళ్లకు పోయే దారి ఉండదు, పైపు పగులుతుంది, లేదంటే మోటరు దెబ్బతింటుంది. ఈ అడ్డదారి లేకపోతే చిన్న రిపేరుకు కూడా ఇల్లంతా నీళ్లు బంద్. మూడు వాల్వులు, వాటిని కలిపే కొన్ని పైపు ముక్కలు, పెద్ద ఖర్చేమీ కాదు. అయినా అడగకపోతే చాలామంది పెట్టరు. కాబట్టి అడగండి. బేరం కుదిరే ముందే, రసీదు మీద రాయించుకునేటప్పుడే అడగండి.

ఫిల్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఒత్తిడి చూపించే ప్రెషర్ గేజీ కూడా పెట్టించండి. కొత్తలో రెండింటికీ ఎంత తేడా ఉన్నదో రాసిపెట్టుకుని, ఆ తేడా అర బార్ దాకా పెరిగిందంటే ఇసుకను ఎదురు నీళ్లతో కడగాలి. బ్యాక్‌వాష్ అంటారు దాన్ని. ఆ కడిగిన నీళ్లు చెట్లకు పోయొచ్చు. సాఫ్ట్‌నర్‌లోంచి వచ్చే ఉప్పు నీళ్లు మాత్రం చెట్ల పాదుల్లోకి, బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి పోనివ్వొద్దు. దానికి డ్రైనేజీ దాకా వేరే పైపు వేయించండి. బిగించిన మనిషి వెళ్లిపోకముందే, పగలు ఇంట్లో ఎవరుంటారో వాళ్ల చేత, అమ్మ అయినా, కోడలైనా, ఒకసారి బ్యాక్‌వాష్ చేయించండి, వాల్వులు తిప్పించండి. ఏ పిడి ఎటు తిప్పాలో అక్కడే గోడ మీద పెయింటుతో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయించండి.

నమస్కారం.