జాటోపెక్‌కి తనతో పోటీపడ్డవాళ్లంటే ఎందుకంత ప్రేమ

అందరికీ నమస్కారం. ఈ రోజు ఎమిల్ జాటోపెక్ గురించి మాట్లాడదామని వచ్చాను. పరుగంటే ఇష్టమున్నవాళ్లలో చాలామందికి ఈ పేరు తెలిసే ఉంటుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్, మూడూ గెలిచిన చెకోస్లొవేకియా మనిషి. ఒకే ఒలింపిక్స్‌లో ఆ మూడూ గెలిచినవాళ్లు ఆయనకు ముందు లేరు, తర్వాతా లేరు. ఆయన పేరెత్తగానే ఆ మూడు స్వర్ణాలూ, పరుగెత్తేటప్పుడు బాధతో మెలితిరిగిపోయే ఆ ముఖం గురించీ చెప్పి వదిలేస్తారు. నన్ను మాత్రం ఎప్పటినుంచో ఇంకో ప్రశ్న పట్టుకుంది. ట్రాక్ మీద ఎవ్వరికీ ఊపిరి తీసుకునే సందు ఇవ్వని ఈ మనిషి, తనతో పోటీపడ్డవాళ్లతో అంత ఆప్యాయంగా ఎలా ఉండగలిగారు? నాకు తోచిన సమాధానం ముందే చెప్పేస్తాను. ఆయన అసలు పోరాటమంతా పోటీ రోజుకు చాలా ముందే, ప్రాక్టీస్‌లోనే అయిపోయేది. అక్కడ అంత కష్టపడ్డాక పక్కవాడి మీద పగ పెంచుకోవాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

1922లో మొరావియా ప్రాంతంలో పుట్టారు. కుర్రవయసులో జ్లిన్ ఊళ్లోని బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనికి చేరారు, అవును, మనందరికీ తెలిసిన ఆ బాటానే. 1941లో ఒక పరుగు పందెంలో పాల్గొనమని ఫ్యాక్టరీవాళ్లు బలవంతపెడితే, ఒంట్లో బాగోలేదని తప్పించుకోబోయారు, డాక్టరు చూసి నీకేమీ లేదు వెళ్లమన్నాడు. అలా ఇష్టం లేకుండా దిగి, వంద మందిలో రెండోవారుగా వచ్చారు. తర్వాత పరుగు వదల్లేదు.

ఇక ప్రాక్టీస్ సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మిగతాదంతా దీనిలోంచే వచ్చింది. నెమ్మదిగా పరుగెత్తడం నాకు ఎలాగూ వచ్చు, నేర్చుకోవాల్సింది వేగంగా పరుగెత్తడం కదా, అన్నది ఆయన లెక్క. అందుకని దూరాన్ని ముక్కలు చేసుకున్నారు. 200 మీటర్లు ఐదుసార్లు, 400 మీటర్లు ఇరవైసార్లు, మళ్లీ 200 మీటర్లు ఐదుసార్లు, మధ్యలో కూర్చోవడం లేదు, కాస్త జాగింగ్ చేసి మళ్లీ వేగం. ఇప్పుడు మనం ఇంటర్వెల్ ట్రైనింగ్ అంటున్నది ఇదే. ఆయనకంటే ముందు కూడా జర్మనీలోనూ ఇంకా కొన్ని చోట్లా ఇలాంటి పద్ధతులున్నాయి, కాబట్టి కనిపెట్టింది ఆయనే అనడం సరికాదు, కానీ దాన్ని అంత దూరం తీసుకెళ్లినవాళ్లు లేరు. ఆ ఇరవై తర్వాత నలభై అయింది, కొన్నాళ్లకు పొద్దున యాభై, సాయంత్రం యాభై కూడా చేశారు. సైన్యంలో ఉన్నప్పుడు బరువైన బూట్లు వేసుకుని, చీకటి పడితే టార్చిలైటు పట్టుకుని అడవిలో పరుగెత్తేవారు. మంచు పడుతోంది, వాన పడుతోంది అన్న మాటే లేదు. ఇక్కడ పరుగు ప్రాక్టీస్ చేస్తున్న పిల్లలకు ఒక మాట, దయచేసి రేపటి నుంచే నలభై రౌండ్లు మొదలుపెట్టకండి. ఆయన ఆ అంకెలకు ఏళ్ల తరబడి మెల్లగా చేరుకున్నారు, తొందరపడితే మిగిలేది గాయాలే.

దాని ఫలితం 1948 లండన్‌లో కనిపించింది. 10,000 మీటర్లు 29 నిమిషాల 59.6 సెకన్లలో పూర్తి చేసి స్వర్ణం గెలిచారు, రెండోవారు 47 సెకన్లకు పైగా వెనకబడ్డారు. 5,000లో మాత్రం ఆలస్యంగా మేలుకుని, తడిసిపోయిన ట్రాక్ మీద చివరి రౌండ్‌లో బెల్జియం ఆటగాడు గాస్టన్ రీఫ్‌ను తరుముకుంటూ వచ్చి 0.2 సెకన్ల తేడాతో ఓడిపోయారు. 1951లో గంటలో 20,052 మీటర్లు పరుగెత్తారు, గంటలో 20 కిలోమీటర్లు దాటిన మొదటి మనిషి ఆయనే. 1954లో 10,000 మీటర్లను మొదటిసారి 29 నిమిషాల లోపు, 28 నిమిషాల 54.2 సెకన్లలో ముగించారు.

హెల్సింకి కథ నేను పరుగుతో మొదలుపెట్టను. వాళ్ల జట్టులో స్టానిస్లావ్ యుంగ్‌విర్ట్ అని 1,500 మీటర్ల కుర్రాడు ఉండేవాడు. అతని తండ్రి రాజకీయ ఖైదీ, ఆ ఒక్క కారణంతో చివరి నిమిషంలో అతన్ని జట్టులోంచి తీసేశారు. జాటోపెక్ సైన్యంలో అధికారి, పైవాళ్ల మాట కాదంటే ఏమవుతుందో ఆ కమ్యూనిస్టు పాలన రోజుల్లో అందరికీ తెలుసు. అయినా, అతను రాకపోతే నేనూ రానన్నారు. విమానం ఆయన లేకుండానే వెళ్లిపోయింది. కొద్ది రోజులు టెన్షన్ పెట్టాక అధికారులు దిగివచ్చారు, ఇద్దరూ హెల్సింకి చేరారు. జీవితంలో అతి పెద్ద పోటీలకు ముందు, జైలుకైనా పంపగల ప్రభుత్వంతో, తన కోసం కాకుండా ఇంకొకరి కోసం తలపడటం, నా దృష్టిలో ఆ మూడు స్వర్ణాలకంటే ఇదే పెద్దది. ఆ యుంగ్‌విర్ట్ 1957లో 1,500 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పాడు, అది కూడా గుర్తుంచుకోవాలి.

జులై 20న జాటోపెక్ 10,000 గెలిచారు. 24న 5,000. చివరి రౌండ్‌లో నాలుగో స్థానానికి పడిపోయినవారు, ఆఖరి మలుపులో బయటివైపు నుంచి వచ్చి బ్రిటన్ ఆటగాడు చాటవేనీ, జర్మనీ ఆటగాడు షాడేనీ, ఫ్రాన్స్ ఆటగాడు అలైన్ మిమూన్‌నీ దాటేశారు. పాపం చాటవే అక్కడే ట్రాక్ అంచు తగిలి పడిపోయాడు. అదే రోజు, కాసేపటికే, జాటోపెక్ భార్య డానా జావెలిన్‌లో స్వర్ణం గెలిచారు. భార్యాభర్తలిద్దరూ పుట్టింది కూడా ఒకే రోజు, 1922 సెప్టెంబర్ 19న.

27న మారథాన్. అప్పటిదాకా ఆయన ఒక్క మారథాన్ కూడా పరుగెత్తలేదు. అందుకని ఆరు వారాల ముందే ప్రపంచంలో అత్యుత్తమ టైమింగ్ సాధించిన బ్రిటన్ ఆటగాడు జిమ్ పీటర్స్ ఎవరో కనుక్కుని, వెళ్లి తనను తాను పరిచయం చేసుకుని, ఆయన పక్కనే పరుగెత్తారు. కొంత దూరం పోయాక, ఈ వేగం సరిపోతుందా అని అడిగారు. పీటర్స్, చాలా నెమ్మదిగా ఉంది అన్నాడు. దీన్ని ఎత్తుగడ అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను, తెలియని పనిని తెలిసినవాణ్ణి అడిగి చేసే మనిషి ఆయన. సరే అని వేగం పెంచారు. పీటర్స్ కండరాలు పట్టేసి మధ్యలోనే ఆగిపోయాడు, జాటోపెక్ 2 గంటల 23 నిమిషాల 3.2 సెకన్లలో గెలిచారు. రెండోవారు రెండున్నర నిమిషాల తర్వాత వచ్చారు.

మిమూన్ పేరు ఇందాక విన్నారు కదా. ఆయన లండన్ 10,000లో రెండోవారు, హెల్సింకిలో 10,000, 5,000 రెండింటిలోనూ రెండోవారే, ప్రతిసారీ ముందున్నది జాటోపెక్. 1956 మెల్బోర్న్ మారథాన్‌లో మిమూన్ గెలిచారు, అదే పరుగులో జాటోపెక్ హెర్నియా ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే పరుగెత్తి ఆరోవారుగా వచ్చారు. మిమూన్ వెళ్లిపోకుండా ఫినిష్ లైన్ దగ్గరే ఆయన కోసం ఎదురుచూశారు. నేనే గెలిచానని చెప్పగానే, నిలబడలేని స్థితిలో ఉన్న జాటోపెక్ టోపీ తీసి సెల్యూట్ చేసి కౌగిలించుకున్నారు. అన్నిసార్లు తనను ఓడించిన మనిషి కోసం అలా ఎదురుచూడాలనిపించిందంటే, ఆ మనిషి ఎలాంటివాడో వేరే చెప్పాలా?

1960లలో ఆస్ట్రేలియా రన్నర్ రాన్ క్లార్క్ చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్ వెళ్లారు. డజనుకు పైగా ప్రపంచ రికార్డులున్నా, ఒలింపిక్స్‌లో ఒక్క కాంస్యం తప్ప ఆయన చేతికి ఇంకేమీ రాలేదు. తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో జాటోపెక్ ఆయన చేతిలో చిన్న పొట్లం పెట్టారు. తర్వాత విప్పి చూసుకుంటే, హెల్సింకిలో గెలిచిన 10,000 మీటర్ల స్వర్ణ పతకం.

1968లో ప్రాగ్ వసంతం అనే స్వేచ్ఛా ఉద్యమాన్ని ఆయన బహిరంగంగా సమర్థించారు, సోవియట్ ట్యాంకులు వచ్చాక కూడా నోరు మూసుకోలేదు. కమ్యూనిస్టు పార్టీలోంచి, సైన్యంలోంచి పంపేశారు. ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా, భూమిలో బోర్లు వేసే బృందంతో తిరుగుతూ కూలి పని చేశారు. ఆ ఒత్తిడిలో, కొన్నేళ్లకు తన మాటలు వెనక్కి తీసుకుంటూ ప్రకటన కూడా ఇచ్చారు. ఇది చెప్పకుండా దాటేస్తే ఆయనకు నేను అన్యాయం చేసినట్టే. దాన్ని పట్టుకుని ఆయన్ని తక్కువ చేసేవాళ్లున్నారు. ఇంటికి దూరంగా అన్నేళ్లు అలా బతికిన మనిషి ఎక్కడ అలసిపోయాడో లెక్కగట్టే హక్కు హాయిగా కూర్చున్న మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను. 1990లో ఆయన పరువును అధికారికంగా తిరిగి ఇచ్చారు, 2000 నవంబర్‌లో ప్రాగ్‌లో కన్నుమూశారు.

ట్రైనింగ్ మీద ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి, ముఖ్యంగా ఆ 400 మీటర్ల గురించి. మధ్యలో ఎంతసేపు జాగింగ్ చెయ్యాలి, మీ వయసుకి ఎన్నిసార్లతో మొదలుపెట్టాలి, అదంతా వివరంగా మాట్లాడుకుందాం.