అర్థం ఎవరిది? సార్త్ర్ శిష్యుడి చిక్కు, నాగార్జునుడి కుండ

నమస్కారం. ఈ రోజు కొంచెం పెద్ద ప్రశ్ననే ఎత్తుకుందాం. బతుకుకు పుట్టుకతోనే ఒక అర్థం ఉంటుందా, లేక మనమే ఏదో ఒకటి కల్పించుకుని రోజులు నెట్టుకొస్తున్నామా?

ఈ ప్రశ్న వేయగానే జనం రెండు జట్లుగా విడిపోతారు. పైవాడు ఎవరినీ ఊరికే పుట్టించడు, ప్రతి పుట్టుకకూ ఒక కారణం ఉంటుంది అంటుంది మొదటి జట్టు. అదంతా ఉత్తమాట, నీ జీవితానికి అర్థం నువ్వే ఇచ్చుకోవాలి అంటుంది రెండోది. ఈ మధ్య రెండో జట్టుదే పైచేయి. కాఫీ కప్పుల మీద, వ్యక్తిత్వ వికాస తరగతుల్లో, పుట్టినరోజు సందేశాల్లో ఎక్కడ చూసినా అదే మాట. నిజం చెప్పాలంటే నాకు మొదటి జట్టు మీద కంటే ఈ రెండో జట్టు మీదే చిరాకు ఎక్కువ. ఎందుకో చెబుతాను.

ఈ మాటను అందరికంటే గట్టిగా చెప్పినవాడు ఫ్రెంచి తాత్త్వికుడు జాఁ పాల్ సార్త్ర్. 1945 అక్టోబరు 29న పారిస్‌లో ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఐరోపాలో యుద్ధం ముగిసి ఇంకా ఆరు నెలలు నిండలేదు. హాలు కిక్కిరిసిపోయింది. కాగితాలు కోసుకునే కత్తిని ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు. కత్తి తయారు కాకముందే, దాన్ని చేసేవాడి బుర్రలో దాని పని ఏమిటో ఉంటుంది. దేనికో తెలియకుండా ఎవరూ కత్తి చేయరు. మనిషి దగ్గర ఈ లెక్క తిరగబడుతుందన్నాడు సార్త్ర్. మనిషిని చేసినవాడంటూ లేనప్పుడు ముందే రాసిపెట్టిన పని కూడా ఉండదు. ముందు మనిషి ఉంటాడు, తరువాత తానేమిటో తన చేతలతో తానే తేల్చుకుంటాడు.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. అదే ఉపన్యాసంలో ఆయన తన విద్యార్థి ఒకరి సంగతి కూడా చెప్పాడు. నా దృష్టిలో కత్తి కంటే ఆ కుర్రవాడే ముఖ్యం.

జర్మన్లు ఫ్రాన్సును ఆక్రమించుకున్న కాలం అది. ఈ కుర్రవాడి అన్న 1940లో జర్మనీ దాడిలో చనిపోయాడు. తండ్రికీ తల్లికీ పొసగడం లేదు, పైగా తండ్రి మొగ్గు శత్రువు వైపు. తల్లికి మిగిలిన ఊరట ఈ కొడుకు ఒక్కడే. అతనికేమో ఇంగ్లండు చేరి, అక్కడి ఫ్రెంచి సైన్యంలో కలిసి, అన్న చావుకు బదులు తీర్చుకోవాలని ఉంది. వెళ్తే తల్లి కుప్పకూలుతుంది. పోనీ వెళ్లాడే అనుకుందాం, యుద్ధం దాకా చేరతాడన్న నమ్మకం ఏదీ? దారిలో స్పెయిన్ శిబిరంలో చిక్కుకుపోవచ్చు, లేదా ఏ ఆఫీసులోనో కూర్చోబెట్టి ఫారాలు నింపమనవచ్చు. ఉండిపోతేనో, చేసే ప్రతి పనీ కచ్చితంగా ఒక మనిషికి ఉపయోగపడుతుంది, కాని ఒకే ఒక్క మనిషికి. ఏం చేయమంటారని గురువును అడిగాడు. నువ్వు స్వేచ్ఛాజీవివి, నీ దారి నువ్వే ఎంచుకో, అంటే నువ్వే కనిపెట్టుకో అన్నాడు సార్త్ర్.

ఇక్కడే నాకు పేచీ. ఈ కుర్రవాడు ఏం కనిపెట్టాలి? అమ్మ దుఃఖాన్ని అతను కనిపెట్టాడా? అన్న చావును కనిపెట్టాడా? దేశం శత్రువు చేతిలో పడటం అతని ఊహా? అవన్నీ అతను తలుపు తెరిచేసరికే గుమ్మంలో నిలబడి ఉన్నాయి. ఎటు వెళ్లాలో తేల్చుకోవడం అతని చేతిలో ఉంది, సరే. తనను లాగుతున్నది ఏమిటన్నది మాత్రం అతని చేతిలో లేదు. అర్థం నిజంగా మన సొంత తయారీ అయితే అతనికి చిక్కు ఎందుకు? రేపటి నుంచి నా జీవితానికి అర్థం తపాలా బిళ్లలు సేకరించడమే అని తీర్మానించుకుని హాయిగా నిద్రపోవచ్చు కదా! పోలేడు. పొద్దున నేను నా ఇష్టం వచ్చినట్టు చేసుకున్న అర్థాన్ని సాయంత్రానికి నా ఇష్టం వచ్చినట్టే చెరిపేసుకోవచ్చు. అలా చెరిపేసుకోగలిగింది కష్టం వచ్చినప్పుడు నన్ను నిలబెట్టదు.

సార్త్ర్‌కు అన్యాయం చేయకూడదు. పరిస్థితి గురించీ బాధ్యత గురించీ ఆయన చాలా లోతుగా మాట్లాడాడు, ఒక మనిషి ఎంచుకున్నాడంటే మనుషులందరి కోసం ఎంచుకున్నట్టే అన్నాడు. కాఫీ కప్పు మీదకు ఎక్కేసరికి ఆ బరువంతా దిగిపోయి, మీకు నచ్చినట్టు ఉండండి అన్నది మాత్రమే మిగిలింది.

అయితే మొదటి జట్టే గెలిచినట్టా? బతుకులోనే, దాని స్వభావంలోనే అర్థం ఉందా? ఈ వాదానికి చాలా పదునైన జవాబు మన కృష్ణా తీరపు పేరుతో ముడిపడిన ఒక మనిషి దగ్గర ఉంది. బౌద్ధాచార్యుడు నాగార్జునుడు. శాతవాహన రాజుకు హితవు చెబుతూ ఆయన లేఖ రాశాడని, శ్రీపర్వతం మీద నివసించాడని బౌద్ధ పరంపర చెబుతుంది. నాగార్జునకొండకు ఆ పేరు ఆయన వల్లే వచ్చిందని అంటారు.

మూలమధ్యమకకారిక అనే గ్రంథంలో నాగార్జునుడి వాదన క్లుప్తంగా ఇది: ఏ వస్తువుకూ తనంతట తానుగా, మరి దేని మీదా ఆధారపడకుండా ఉండే స్వభావం లేదు. దీన్నే శూన్యత అన్నాడు. వెంటనే మీకు వచ్చే అనుమానమే అప్పటి ప్రత్యర్థికీ వచ్చింది. 24వ ప్రకరణం మొదట్లోనే ఆ ప్రత్యర్థి నిలదీస్తాడు: అంతా శూన్యమే అయితే దుఃఖమూ లేదు, దాన్ని పోగొట్టే మార్గమూ లేదు, బుద్ధుడూ లేడు, మంచి చెడుల ఫలితమూ లేదు, లోకవ్యవహారమంతా కూలిపోయింది కదయ్యా అని. ఇప్పుడు కళాశాల విద్యార్థులు అడిగేదీ ఇదే. దేనికీ అర్థం లేకపోతే పొద్దున్నే లేవడం ఎందుకని.

నాగార్జునుడు ఆ అభియోగాన్ని తీసుకెళ్లి ప్రత్యర్థి ఒళ్లోనే పెట్టాడు. లోకవ్యవహారం కూలేది నా మాట వల్ల కాదు, నీ మాట వల్లే అన్నాడు. దుఃఖానికి స్థిరమైన స్వభావం ఉంటే అది ఎప్పటికీ పోదు. అజ్ఞానం ఒకరి స్వభావమే అయితే వారు ఎంత సాధన చేసినా జ్ఞాని కాలేరు. ఏదీ మారదు, ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. స్వభావం లేకపోవడం వల్లే ఏదైనా జరగడానికి చోటుంది. మన ప్రశ్నకు ఇది సరిగ్గా అతుకుతుంది. నా బతుకుకు పుట్టుకతోనే ఒక అర్థం బిగించి ఉంటే, నేను తప్పిపోయిన రోజున ఇక చేసేదేమీ ఉండదు. జైలు నుంచి బయటికి వచ్చినవాడు కొత్త మనిషి కావడానికి వీలే ఉండదు.

అదే ప్రకరణంలో ఒక హెచ్చరిక కూడా ఉంది, దీన్ని కుర్రవాళ్లు ముఖ్యంగా వినాలి. శూన్యతను తప్పుగా పట్టుకుంటే అది మందబుద్ధిని నాశనం చేస్తుంది, పట్టరాని చోట పట్టుకున్న పాములాగా అన్నాడు. రాత్రి రెండింటికి ఫోను చూస్తూ ఏదీ శాశ్వతం కాదు, దేనికీ అర్థం లేదు అని ముడుచుకుపోయేవాడు పామును తోక దగ్గర పట్టుకున్నవాడే.

మరి ఎక్కడ పట్టుకోవాలి? విగ్రహవ్యావర్తని అనే మరో గ్రంథంలో ఆయన కుండ, బండి, బట్ట గురించి చెబుతాడు. వీటికి సొంత స్వభావం లేదు, మట్టి, కుమ్మరి, నీరు, నిప్పు కలిస్తేనే కుండ. అయినా కుండలో తేనె నిలుస్తుంది, పాలు నిలుస్తాయి. బండి కట్టెలు మోస్తుంది. బట్ట చలినీ గాలినీ ఆపుతుంది. స్వభావం లేనంత మాత్రాన పని ఆగలేదు. అర్థం కూడా ఇలాంటిదే అన్నది నా వాదన. అది బతుకులో ముందే పూడ్చిపెట్టిన లంకెబిందె కాదు, నేను ఒంటరిగా గదిలో కూర్చుని అల్లుకున్నదీ కాదు. నేను, అవతలివారు, చేతిలోని పని, మా మీద పడిన కాలం, ఇవన్నీ కలిసిన చోట పుడుతుంది. పుట్టాక నిజంగానే బరువు మోస్తుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే నాగార్జునకొండ లోయ చాలు. మూడో శతాబ్దిలో అక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. వీరపురుషదత్తుడి పాలన ఆరో ఏట, అతని మేనత్త చాంతిశ్రీ అక్కడి పెద్ద బౌద్ధ స్తూపమైన మహాచైత్యం దగ్గర స్తంభాలు నిలబెట్టి ప్రాకృతంలో శాసనాలు చెక్కించింది. వాటిలో తన అన్నదమ్ముడైన చాంతమూల మహారాజు చేసిన యాగాలను వరసగా పేర్కొంది, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం. ఆ పక్కనే తన కోరిక చెప్పుకుంది: ఉభయ లోకాల్లో హితం, సుఖం కలగాలని, తనకు నిర్వాణం దక్కాలని, సర్వలోకానికీ మేలు జరగాలని. ఒకే ఇంట్లో పుట్టినవారు. ఒకరికి యజ్ఞకుండం, మరొకరికి స్తూపం. ఇద్దరి సంగతీ ఒకే రాయి మీద, ఏ గొడవా లేకుండా. మన టీవీ చర్చల్లో ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

తరువాత ఆ చైత్యం మట్టిలో కలిసింది. శతాబ్దాల తరబడి ఆ రాళ్ల మధ్య పశువులు మేశాయి. 1926లో శాసనాలు వెలుగులోకి వచ్చాయి, రాళ్లు చరిత్ర అయ్యాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. ఇది తనకు పవిత్ర కార్యమని, మనం కట్టుకుంటున్న కొత్త దేవాలయాలకు గుర్తు అని అన్నాడు. జలాశయంలో లోయ మునిగిపోనుంది కాబట్టి పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండమీద, అనుపు అనే చోట తిరిగి నిలబెట్టింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. ఒక్క లోయ. భక్తురాలికి పుణ్యస్థలం, పశువుల కాపరికి పచ్చిక, చరిత్రకారుడికి సాక్ష్యం, రైతుకు నీరు. ఇందులో లోయ స్వభావం ఏది? చెప్పలేం. అలాగని ఎవరూ గాలిలోంచి అర్థాన్ని పుట్టించలేదు. కృష్ణ అక్కడ పారుతోంది, కొండలు అక్కడ దగ్గరపడ్డాయి, కింద భూములు ఎండుతున్నాయి.

ఇంకా దగ్గరికి రండి. కాలువ మీద పనిచేసే లష్కరును చూడండి. తూము దగ్గరికి వెళ్లి, మరచక్రం తిప్పి షట్టరు కొంత ఎత్తుతాడు. వారబందీ, అంటే వంతులవారీగా నీరిచ్చే పద్ధతి, నడుస్తుంటే వంతు అయిపోగానే దించుతాడు. ఆ చక్రం తిప్పడంలో అర్థం ఎక్కడుంది? ఇనుములో లేదు. నా జీవితానికి అర్థం చక్రం తిప్పడం అని అతను గోడమీద రాసుకోనూ లేదు. చివరి భూముల్లో నారు ముదిరిపోతోంది, నీరు రాకపోతే అక్కడి రైతు నాట్లు వేయలేడు, కోపంతో కాలువ గట్టు మీదికే వస్తాడు. ఆ నారు, ఆ రైతు, ఈ చక్రం, ఈ చేయి. వీటిలో ఒక్కటి తీసేసినా చక్రం తిప్పడం ఉత్త కసరత్తు.

ఇదంతా తియ్యగా వినిపిస్తోందేమో, కాని దీనికి ఒక చేదు అంచు ఉంది. ఆ లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేది. ఎక్కడో దిగువన రైతు మడికి నీరు చేరాలంటే ఆ ఊరివాళ్లు ఇళ్లు ఖాళీ చేయాలి. అర్థం పదిమంది మధ్య పుడుతుందని ఒప్పుకున్నాక, దాని ఖరీదు పదకొండోవాడు కడుతున్నాడేమో చూడక తప్పదు. నా జీవితం, నా ఇష్టం అనేవారికి ఈ లెక్కే అక్కరలేదు. అంతా దైవసంకల్పం అనేవారికీ అక్కరలేదు. రెండు జట్ల మీదా నా అసలు ఫిర్యాదు ఇదే.

ఇక నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న. సంబంధాల్లోంచే అర్థం పుడుతుందంటే, ఎవరూ లేనివారి మాటేమిటి? భార్య పోయి, పిల్లలు ఎక్కడో విదేశాల్లో స్థిరపడి, రోజంతా టీవీ ముందు కూర్చునే రిటైరైన మాస్టారి బతుకుకు అర్థం లేదా? ఆయనను అన్నిటి నుంచీ విడదీసి నిలబెట్టి ఆ ప్రశ్న అడగడంలోనే పొరపాటుందని నాగార్జునుడి వాదన నుంచి చెప్పవచ్చు. ఆయన లెక్కలు నేర్పిన పిల్లల్లో ఒకరు ఇప్పుడు కాలువ కొలతలు వేస్తూ ఉండవచ్చు. ఆ దారం తెగలేదు, కబురే ఆగిపోయింది. అయినా కబురు ఆగిన బాధ చిన్నది కాదు, తత్త్వం చెప్పి దాన్ని మాయం చేయలేం. ఆ వెలితిని పూడ్చే పని మొత్తం ఆయన నెత్తినే వేసి, ఏదైనా కొత్త వ్యాపకం పెట్టుకోండి మాస్టారూ, మీ అర్థం మీరే వెతుక్కోండి అని చెప్పేసి లిఫ్టు ఎక్కేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆయన దగ్గర కూర్చుని, పదో తరగతి బీజగణితంలో ఒక లెక్క అడిగినా సరిపోయేది.

వచ్చే వీడియోలో దేవుణ్ణీ పరలోకాన్నీ కాదన్న పాతకాలపు తాత్త్వికులు చార్వాకుల దగ్గరికి వెళదాం. ఈ చర్చ మొత్తం విని వాళ్లు పకపకా నవ్వేవాళ్లు. వాళ్ల మూలసూత్రాలు మనకు పూర్తిగా దక్కలేదు కాబట్టి, ఆ నవ్వును వాళ్ల ప్రత్యర్థులు రాసిపెట్టిన తిట్లలోంచి ఏరుకోవాల్సి ఉంటుంది. ఉంటాను.