వినపడని పిల్లలకు పళ్ల సంరక్షణ నేర్పడం ఎలా?

[తెర మీద: అద్దం ముందు పళ్లు తోముకుంటున్న విద్యార్థిని. కుడి మూలన సంజ్ఞా భాషలో చెబుతున్న వ్యక్తి, నడుము నుంచి పైకి పూర్తిగా కనబడాలి. కింద అక్షరాలు.]

వ్యాఖ్యానం:
చెవి వినపడనంత మాత్రాన పన్ను పుచ్చదు. అయినా బధిర విద్యార్థుల్లో పాచి, చిగుళ్ల వాపు, వైద్యం అందని పిప్పి పళ్లు తరచుగా కనబడుతుంటాయి. పెద్ద కారణం, చెప్పాల్సింది వాళ్లదాకా చేరకపోవడమే. పక్క గదిలో అమ్మ తమ్ముణ్ని "తోముకోకుండా పడుకున్నావా?" అని మందలిస్తే, వినపడే అక్కకు అదీ ఒక పాఠమే. వినపడని పిల్లలకు అలా చెవిన పడేది ఏమీ ఉండదు. ఎదురుగా నిలబడి ఎవరైనా చూపించాల్సిందే.

[తెర మీద: టీచర్ చేతిలో పళ్ల నమూనా, బ్రష్.]

ఇక్కడే చాలామంది పొరబడతారు. నమూనా మీద బ్రష్ తిప్పుతూనే సైగలతో వివరిస్తారు. పిల్లల చూపు చేతుల మీద ఉంటే బ్రష్ కనబడదు, బ్రష్ మీద ఉంటే సైగ తప్పిపోతుంది. ముందు చెప్పండి, ఆగండి. తర్వాత చేసి చూపించండి, మళ్లీ ఆగండి. కిటికీకి వీపు పెట్టి నిలబడకండి. వెనక నుంచి వెలుగు కొడితే మీ ముఖం నల్లగా కనబడుతుంది, పెదాల కదలిక అందదు.

"అర్థమైందా?" అని అడిగితే తల ఊపేస్తారు. ఆ ఊపును నమ్మకండి, నమూనా మీద వాళ్లచేత చేయించండి.

[తెర మీద: దగ్గరగా, చిగురు అంచున బ్రష్.]

కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచున ఆనేలా బ్రష్‌ను 45 డిగ్రీలు వంచాలి. రెండేసి పళ్ల మీద చిన్న చిన్నగా కదపాలి. కింది ముందు పళ్ల లోపలి వైపు బ్రష్‌ను నిలువుగా పట్టాలి. మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. ఉమ్మేశాక నీళ్లతో పుక్కిలించకపోతే ఫ్లోరైడ్ పంటి మీద కాసేపు నిలుస్తుంది. రోజుకు రెండుసార్లు, అందులో ఒకటి పడుకునే ముందు.

రెండు నిమిషాలు లెక్కపెట్టడానికి పాటలు, గంటలు పనికిరావు. ఇసుక గడియారమో, వణికే చేతి గడియారమో ఇవ్వండి.

[తెర మీద: గులాబీ మరకలున్న పళ్లు, చేతిలో అద్దం.]

మా దృష్టిలో ఈ పిల్లలకు అన్నిటికన్నా బాగా పనిచేసేది పాచికి రంగు పట్టించే బిళ్ల. రంగు పదార్థాలతో అలర్జీ ఉందేమో ముందు కనుక్కోండి, పెదాలకు వాజలీన్ రాయండి. తోముకున్నాక బిళ్ల నమిలి, నోరంతా తిప్పి ఉమ్మాలి. మిగిలిపోయిన పాచి గులాబీ రంగులో కనబడుతుంది, ఎక్కువగా చిగురు అంచున, కింది దవడ పళ్ల నాలుక వైపున. రంగు పోయేదాకా మళ్లీ తోమాలి. ఇక్కడ మాట అవసరమే లేదు. తన నోట్లో ఏం మిగిలిందో ఆ పిల్ల తనే చూసుకుంటుంది.

ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను వస్తుంది. దాన్ని పాలపన్ను అనుకుని వదిలేస్తారు. దాని నమిలే వైపున్న గాడులు లోతుగా ఉంటాయి. ఆ గాడులను మూసే పూత, అంటే సీలెంట్, వేయించే విషయం డాక్టర్‌ను అడగండి.

[తెర మీద: దంత వైద్యుడి కుర్చీ.]

డాక్టర్‌గారికి: మాట్లాడేటప్పుడు మాస్కు దించండి, లేదా పారదర్శకమైనది వాడండి. కుర్చీ వాల్చకముందే అంతా చెప్పండి. వాల్చాక దుబాసీ కనబడరు. పరికరాన్ని ముందు పిల్లల గోరుకు తాకించి వణుకు తెలియనివ్వండి. చెయ్యెత్తితే ఆపుతామని ఒప్పందం చేసుకోండి, ఎత్తగానే నిజంగా ఆపండి. ఒక్కసారి ఆపకపోయినా ఆ నమ్మకం పోతుంది.

వినికిడి యంత్రం ఉంటే, డ్రిల్ మోత మొదలయ్యే ముందు, పిల్లలకు చెప్పాకే ఆపాలి లేదా తీసి తడి లేని డబ్బాలో పెట్టాలి. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఉన్నవారికి విద్యుత్తుతో చిగురు కోసే మోనోపోలార్ పరికరం (కరెంటు ఒంటి గుండా సాగే రకం) వాడకూడదు. ఇంప్లాంట్ సంగతి పెద్దవాళ్లు చెబుతారులే అని ఎదురుచూడకండి, ప్రతిసారీ మీరే అడగండి.