హంస తల ఎక్కడుంది?

శ్రోతలకు నమస్కారం. ఇంటికి చుట్టాలు వస్తే మన వరంగల్ వాళ్లం ఏం చేస్తామో మీకు తెలియనిది కాదు. పొద్దున్నే హనుమకొండ వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లి, 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయమని, అంటే మూడు గర్భగుళ్ల గుడి అని చెప్పి, నల్లరాతి నంది ముందు ఫోటోలు తీయించి, ఆపైన భద్రకాళి దర్శనం చేయించి, ఎండ ముదిరాక కోటకు చేరుస్తాం. అప్పటికి అందరికీ ఆకలి. కోటకు మిగిలేది అరగంట. పోయిన చలికాలంలో మనుమరాలితో వెళ్లినప్పుడు నేనూ అలాగే తొందరపడ్డాను, కానీ ఆ పిల్ల పడనివ్వలేదు.

ముందుగా కోటలోని ఖుష్ మహల్ అనే పాత దర్బారు భవనంలోకి వెళ్లాం. పాదం దగ్గర లావుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలే గోడలు, లోపల అడ్డంగా ఒకదాని వెనుక ఒకటిగా నిలిచిన పెద్ద కమానులు. పదహారో శతాబ్దపు తొలినాళ్లలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ పేరు మీద జనం దీనిని షితాబ్ ఖాన్ మహల్ అంటారు; కట్టడపు తీరును బట్టి అంతకు ముందరి ఢిల్లీ తుగ్లక్ సుల్తానుల కాలానిదని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. కోటలో దొరికిన శిల్పాలను కొన్నింటిని ఇందులోనే భద్రపరిచారు. నేను విగ్రహాల వైపు నడుస్తుంటే మా పిల్ల ఒక విరిగిన రాతి ముక్క దగ్గర చతికిలబడింది. దాని మీద హంసల వరుస ఉంది. చివరి హంసకు మెడ ఉంది, తల లేదు. సరిగ్గా అక్కడే రాయి విరిగింది.

"తాతా, దీని తలకాయ ఏడుంది?" అని అడిగింది.

తెలియదని చెప్పడం చిన్నతనమనిపించి, చేయి పట్టుకుని బయటకు నడిపించాను. తూర్పుగా కొద్ది దూరంలోనే నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, వాటి నడుమ స్వయంభూ శివాలయపు శిథిలాలు. 1323లో ఢిల్లీ తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్ సేన కోటను గెలుచుకున్న తరువాత గుడి కూలింది, తోరణాలు నిలిచాయి. రాష్ట్ర చిహ్నంలో ప్రతిరోజూ చూసే ఆ తోరణం కింద నిలబడి తల పైకెత్తితే రాతిలో చెక్కిన తామర మొగ్గలు కిందికి వేలాడుతున్నాయి, దూలం పైన హంసలు కూర్చుని ఉన్నాయి. "అగో, వీటికి తలలున్నయ్!" అని ఆ పిల్ల అరిచిన అరుపుకు పక్కన మేస్తున్న మేకలు బెదిరాయి.

నగరాల్లోని మ్యూజియాలంటే నాకు గౌరవమే. కానీ అక్కడ శిల్పం అద్దం వెనుక ఉంటుంది, దాని ఊరు ఒక చిన్న చీటీ మీద ఉంటుంది. మన కోటలో శిల్పానికీ, అది పుట్టిన చోటుకూ మధ్య కాలినడక దూరమే. ఈ భాగ్యం ఉండీ మనం అరగంటలో తిరిగి వస్తున్నాం!

అందుకని ఒక్క మాట మనవి చేస్తాను. కోటకు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. ముందు ఖుష్ మహల్, తరువాత తోరణాలు. ఈ వరుస మార్చకండి. మహల్‌లో ఏదో ఒక్క ముక్కను మనసులో పెట్టుకుని, దాని చుట్టాలను బయట వెతకండి. పొద్దు వాలేవేళకు ఆవరణ మధ్యలో, తూర్పు తోరణం వైపు తిరిగి నిలబడండి. నడినెత్తి ఎండలో చదునుగా కనిపించే రాయి మీద అప్పుడు వెలుగు ఏటవాలుగా పడి, ఒక్కొక్క మొగ్గ కింద సన్నని నీడ మొలుస్తుంది.