వెనిల్లా స్కిన్‌కి నిజంగా ఏమైనా చేస్తుందా? మూడు వాడి చూశా

హాయ్ అండీ, ముందు ఈ సీసా చూడండి. కొన్నప్పుడు తెల్లటి లోషన్ ఇది, ఒట్టు. ఇప్పుడు మూతి దగ్గర ఎలా గోధుమ రంగులోకి తిరిగిందో చూశారా, పాడైపోయిందనుకుని పారేయబోయాను కూడా. పాడవలేదు, అదంతా వెనిల్లిన్ పని. వెనిల్లాకి ఆ తీపి వాసన ఇచ్చే మెయిన్ పదార్థం పేరే వెనిల్లిన్, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ రంగు తిరుగుతుంది, ఇంట్లో సబ్బులు చేసేవాళ్ళనడిగితే ఇంకా బాగా చెప్తారు, తెల్లగా పోసిన సబ్బు కొన్నాళ్ళకి చాక్లెట్ కలర్ అయిపోతుంది. అలాగని రంగు మారింది కాబట్టి ఇది నేచురల్ అని మాత్రం అనుకోకండి, ఫ్యాక్టరీలో చేసిన వెనిల్లిన్ కూడా ఇలాగే మారుతుంది, మాలిక్యూల్ ఒకటేగా మరి.

సరే, రెండు నెలల నుంచి మూడు వాడుతున్నా. ఈ లోషన్, ఒక రోల్-ఆన్ పర్ఫ్యూమ్, ఇంకోటి నేనే వెనిల్లా కాయలు నూనెలో నానబెట్టుకున్నది. బ్రాండ్ పేర్లు చెప్పట్లేదు, ఎందుకంటే లోషన్‌కి ఇవాళ తిట్లున్నాయి.

డబ్బా ముందువైపు పెద్ద పువ్వు బొమ్మ, కింద రియల్ వెనిల్లా అని. వెనక్కి తిప్పితే వెనిల్లా ప్లానిఫోలియా ఫ్రూట్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే వెనిల్లా కాయ సారం, పదార్థాల లిస్ట్‌లో ఎక్కడో చివర్లో, ఫినాక్సీఇథనాల్ తర్వాత ఉంది. ఫినాక్సీఇథనాల్ అంటే ప్రిజర్వేటివ్, యూరప్ రూల్స్ ప్రకారం 1 శాతం దాటకూడదు, లిస్ట్‌లో ఎక్కువున్నవి ముందు రాస్తారు కాబట్టి, దాని వెనకాల పేరుందంటే వెనిల్లా ఆ 1 శాతం కన్నా ఎక్కువ ఉండే ఛాన్సే లేదు, చుక్కో అరచుక్కో. పర్ఫ్యూమ్ అన్న మాట మాత్రం దానికంటే పైన ఉంది, వాసనంతా అక్కడి నుంచే వస్తోందన్నమాట. స్కిన్ మెత్తబడిందా అంటే మెత్తబడింది అండీ, కాదనను, కానీ ఆ క్రెడిట్ గ్లిజరిన్‌ది, షియా బటర్‌ది. ల్యాబ్‌లో వెనిల్లిన్‌కి యాంటీఆక్సిడెంట్ గుణం కనిపించిన మాట నిజమే, అందుకని ఈ చుక్కతో ముడతలు పోతాయంటే నేను నమ్మను.

ఇక నా సొంత ప్రయోగం, ఇది నవ్వుకోడానికే. కాయ చీల్చి జొజోబా నూనెలో మూడు వారాలు పెట్టా. వెనిల్లిన్ ఆల్కహాల్‌లో కరిగినంత బాగా నూనెలో కరగదు, ఆ సంగతి తర్వాత తెలిసింది నాకు! సీసాకి ముక్కు ఆనిస్తే గానీ వాసన లేదు, పైగా వడకట్టడం సరిగ్గా కుదరక సన్నటి నల్ల గింజలు మోచేతి నిండా అంటుకుని, దుమ్ములో పడి లేచినట్టు ఉన్నాను. అలాగని కిచెన్‌లో వాడే వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ తెచ్చి మొహానికి రాయకండి, అమెరికా రూల్ ప్రకారం దాంట్లో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి, మొహం పీక్కుపోతుంది.

రోల్-ఆన్ దగ్గరికొస్తే, ఇది వెనిల్లా అబ్సొల్యూట్‌తో, అంటే కాయ నుంచి లాగిన చిక్కటి సారంతో చేసింది. వెనిల్లాని మామూలుగా ఆవిరి పట్టి నూనె తీయరు, సాల్వెంట్‌తోనో కార్బన్ డయాక్సైడ్‌తోనో లాగుతారు, కాబట్టి సీసా మీద వెనిల్లా ఎసెన్షియల్ ఆయిల్ అని కనిపిస్తే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. రాసుకోగానే కేక్ వాసన రాదు అండీ, ముందు కొంచెం పొగ, పాత చెక్క పెట్టె తెరిచినట్టు, కాస్త తోలు వాసన, ఓ అరగంటకి గానీ తీపి పైకి రాదు. మా చెల్లి అయితే ఇదేంటి అగ్గిపుల్ల వాసన అని పక్కకి జరిగింది, గంట తర్వాత తనే వచ్చి చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

అసలు వెనిల్లాకి రేటు ఎందుకంత ఎక్కువంటే, ఆ కాయ ఆర్కిడ్‌ది. పువ్వు విచ్చుకునేది ఒక్క పూటే, ఆలోపు మనిషే పుప్పొడి అంటించాలి. మెక్సికో నుంచి తీగలు పట్టుకెళ్ళి వేరేచోట నాటితే ఏళ్ళ తరబడి కాయలే సరిగ్గా పట్టలేదు, 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ళ పిల్లాడు, బానిసగా ఉన్న పిల్లాడండీ, చిన్న పుల్లా బొటనవేలూ పెట్టి చేసి చూపించాడు, మడగాస్కర్ తోటల్లో ఇవాళ్టికీ అదే పద్ధతి. ఇంతా చేస్తే కోసిన పచ్చికాయకి ఆ వాసనే ఉండదు! వేడినీళ్ళలో ముంచి, దుప్పట్లలో చుట్టి చెమట పట్టించి, ఎండబెట్టి, నెలల తరబడి పెట్టెల్లో మగ్గబెడితే అప్పుడొస్తుంది.

సింథటిక్ వేస్ట్ అని కాదు నేననేది, 1889లో ఫ్రాన్స్ పర్ఫ్యూమ్ కంపెనీ గెర్లాన్ వాళ్ళ జికీ అనే పర్ఫ్యూమ్‌లోనే సింథటిక్ వెనిల్లిన్ వాడారు. నేచురల్ అంటే సేఫ్ అని కూడా లేదు, బాల్సమ్ ఆఫ్ పెరూ అనే చెట్టు జిగురుకి అలర్జీ ఉన్నవాళ్ళలో కొందరికి వెనిల్లా పడదు, ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు ఆగండి. వెనిల్లా ఉన్నవి లేత రంగు బట్టలకి దూరంగా పెట్టండి, నా తెల్ల షర్ట్ కాలర్ ఇదిగో, మచ్చ రెండు ఉతుకులకీ పోలేదు.

లోషన్ కాళ్ళకి రాసి అవగొట్టేస్తా, మళ్ళీ కొనను. నూనె తలుపు కీళ్ళకి వెళ్ళిపోయింది. రోల్-ఆన్ మాత్రం అయిపోగానే ఇంకోటి తెచ్చుకుంటా, నిన్న రాత్రి రాసుకున్నది ఇప్పుడు ఈ మైక్ పట్టుకుంటే మణికట్టు దగ్గర ఇంకా వస్తోంది.